సస్పెన్షన్ కాగితం చేతికొస్తే ఏం చేయాలి? అజర్, జడేజా కేసుల నుంచి నేర్చుకోవాల్సింది

ఈ రోజు ఎపిసోడ్ ముఖ్యంగా ఆటలాడే పిల్లల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం, గ్రౌండ్‌లో విజిల్ పట్టుకుని నిలబడే మా పీఈటీ సార్ల కోసం. ఆటగాడిని లీగ్ సస్పెండ్ చేస్తే ఏం చేయాలి, ఎక్కడికి పోవాలి, ఎంత టైముంటుంది, ఇదీ విషయం. కొంచెం పొడుగు ఎపిసోడే. ఓపికతో వినండి.

మొన్న చలికాలంలో ఒక శనివారం సాయంత్రం జరిగింది చెప్తా. నేను హన్మకొండ కోర్టులో ప్రాక్టీస్ చేస్తానని మీకు తెలుసు కదా. ఆఫీసు మూసేసి ఇంటికి బయలుదేరుతున్నా. కాజీపేట నుంచి ఒకాయన, వెంట పంతొమ్మిదేళ్ల పిల్లగాడు వచ్చారు. పిల్లగాడి కాలికి ఇంకా గ్రౌండ్ మట్టి ఉంది. ఆయన ఫోన్ తీసి నా ముందు పెట్టి, "వకీల్ సాబ్, జర సూడుండ్రి. మా పొల్లగాన్ని రెండేండ్లు ఆడొద్దన్నరట" అన్నాడు.

చూస్తే అది వాట్సాప్ మెసేజ్. నాలుగు లైన్లు. ఫలానా తేదీ మ్యాచ్‌లో మ్యాచ్ అధికారితో దురుసుగా ప్రవర్తించినందుకు క్రమశిక్షణ కమిటీ ఈ ఆటగాడిని రెండేళ్లు సస్పెండ్ చేసింది, అంతే. ఏ రూల్ కింద అన్నది లేదు. పిలిచి అడిగారా అంటే లేదు. అది ఏ లీగో నేను చెప్పను, దయచేసి కామెంట్లలో అడగొద్దు. ఈ ఎపిసోడ్ వాళ్ల మీద కాదు.

పిల్లగాడిని అడిగా. "తమ్మీ, నిజం చెప్పు. కొట్టినవా?"

"కొట్టలే సార్. నూకిన. లైన్స్‌మన్‌ను. పక్కకు జరుగుమని నూకిన."

సరే, నూకాడు. తప్పే. ఆ మాట వినంగానే నాకు నా సంగతి గుర్తొచ్చింది. అది మీకు చెప్పకుండా ముందుకు పోతే న్యాయం కాదు.

1994లో నాకు ఇరవై ఒక్క ఏళ్లు. సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున, కాజీపేట రైల్వే గ్రౌండ్‌లో సాయంత్రం ఆడేవాణ్ని. లెఫ్ట్ వింగ్. ఒక మ్యాచ్‌లో రిఫరీని నోటికొచ్చినట్టు తిట్టా. చేయి చేసుకోలేదు, తిట్టా. పది రోజులకు పోస్టులో షోకాజ్ నోటీసు వచ్చింది. పదిహేను రోజుల్లో జవాబు ఇవ్వమన్నారు. నేనేం చేశానంటే, చదివి చించి పారేశా. వీళ్లకు నేను జవాబు చెప్పేదేంటి అనుకున్నా. ఏడాది సస్పెన్షన్ వేశారు. వేస్తే వేసుకోనీ అనుకున్నా. ఏడాది తర్వాత పోయేసరికి నా జాగాలో ఇంకొకడు ఆడుతున్నాడు. రైల్వేలో స్పోర్ట్స్ కోటా దరఖాస్తుకు ఇటీవలి సర్టిఫికెట్లు కావాలి. నా దగ్గర ఉన్నవన్నీ పాతవే. మా నాన్న ఒక్క మాట కూడా అనలేదు. అదే ఇప్పటికీ బాధ. తర్వాత లా చదివా, ఇదిగో ఇట్లా మీ ముందు కూర్చున్నా.

నాకు జరిగింది అన్యాయం అని నేను అనను. వాళ్లు నోటీసు ఇచ్చారు, నేనే మాట్లాడలేదు. ఈ పిల్లగాడి సంగతి వేరు. వాడు మాట్లాడతానంటున్నాడు, వాణ్ని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన తెలుగునేల మీద లీగ్‌తోనో బోర్డుతోనో కొట్లాడిన ఆటగాడంటే మొదట గుర్తొచ్చే పేరు మహమ్మద్ అజరుద్దీన్. మన హైదరాబాద్ మనిషి. ఫుట్‌బాల్ కాదు, క్రికెట్. కానీ సస్పెన్షన్ మీద పోరాటానికి ఇంత పెద్ద ఉదాహరణ మనకు ఇంకొకటి లేదు.

ఇప్పటి పిల్లలకు ఆయన గురించి చెప్పాలి. 1984 డిసెంబర్ 31న ఇంగ్లండ్ మీద కలకత్తాలో మొదటి టెస్టు. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు. మొత్తం 99 టెస్టులు, 334 వన్డేలు. చివరి టెస్టు 2000 మార్చిలో బెంగళూరులో, దక్షిణాఫ్రికా మీద. ఆ చివరి ఇన్నింగ్స్‌లో 102 కొట్టాడు. సెంచరీతో మొదలుపెట్టి సెంచరీతో ఆగిపోయాడు. వందో టెస్టు రాలేదు.

ఎందుకు రాలేదు? 2000 ఏప్రిల్‌లో ఢిల్లీ పోలీసులు దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోన్యే మీద మ్యాచ్ ఫిక్సింగ్ కేసు బయటపెట్టారు. క్రోన్యే తన దేశంలో కింగ్ కమిషన్ ముందు మాట్లాడుతూ అజర్ పేరు చెప్పాడు. ఇక్కడ సీబీఐ విచారణ చేసి, ఆ ఏడాది అక్టోబర్ ఆఖర్లో నివేదిక ఇచ్చింది. దాని తర్వాత బోర్డు, అంటే బీసీసీఐ, సీబీఐలో పనిచేసి రిటైరైన కె. మాధవన్‌తో ఇంకో విచారణ చేయించింది. 2000 డిసెంబర్ 5న తీర్పు చెప్పింది. అజరుద్దీన్, అజయ్ శర్మలకు జీవితకాల నిషేధం. అజయ్ జడేజా, మనోజ్ ప్రభాకర్‌లకు ఐదేళ్లు.

ఇక్కడ ఆగి ఒక విషయం గమనించండి. అదే రోజు, అదే బోర్డు, అదే విచారణ మీద వేసిన శిక్షలివి. అందులో అజర్, జడేజా ఇద్దరూ కోర్టుకు వెళ్లారు. ఇద్దరూ చివరికి గెలిచారు. కానీ ఇద్దరి గెలుపు ఒకటి కాదు.

జడేజా ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాడు. విషయం మధ్యవర్తి దగ్గరికి పోయింది, అంటే ఆర్బిట్రేషన్. విశ్రాంత న్యాయమూర్తి జె.కె. మెహ్రా మధ్యవర్తి. ఆయన నిషేధం చెల్లదన్నాడు. 2003 జనవరి 27న ఢిల్లీ హైకోర్టు ఆ మాటనే నిలబెట్టింది. మొత్తం రెండేళ్ల రెండు నెలల లోపు. జడేజాకు అప్పటికి ఇంకా ముప్ఫై రెండు నిండలేదు. మళ్లీ దేశవాళీ మ్యాచ్‌లు ఆడాడు. ఇండియాకు మళ్లీ ఆడలేదు, అది వేరే సంగతి. కానీ ప్యాడ్లు కట్టుకుని గ్రౌండ్‌లోకి దిగాడా లేదా? దిగాడు.

అజర్ హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులో దావా వేశాడు. 2003లో అక్కడ ఓడిపోయాడు. అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో అప్పీలు వేశాడు. 2003 పోయింది, 2004 పోయింది, 2007లో ఇరవై ఓవర్ల వరల్డ్ కప్ వచ్చింది, 2008లో ఐపీఎల్ వచ్చింది. 2009లో ఆయన ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. ఎంపీ అయ్యాడు గానీ కేసు మాత్రం తేలలేదు. 2012 నవంబర్ 8న హైకోర్టు డివిజన్ బెంచి, జస్టిస్ అశుతోష్ మొహంతా, జస్టిస్ జి. కృష్ణమోహన్ రెడ్డి, ఆ నిషేధం చెల్లదని తీర్పు ఇచ్చింది.

నిషేధం పడినప్పుడు అజర్ వయసు 37. తీర్పు వచ్చినప్పుడు 49. పన్నెండేళ్లకు ఒక నెల తక్కువ. 49 ఏళ్లకు ఎవరు బ్యాట్ పట్టుకుంటారు చెప్పండి?

ఇంకా ఉంది. 2017 జనవరిలో హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ అధ్యక్ష పదవికి నామినేషన్ వేస్తే తిరస్కరించారు. బోర్డు నిషేధం ఎత్తేసిందా లేదా స్పష్టత లేదన్న మాట అప్పుడు మళ్లీ వచ్చింది. హైకోర్టు తీర్పు వచ్చి నాలుగేళ్లు దాటినా ఆ పాత కాగితం వెంటాడింది. చివరికి 2019 సెప్టెంబర్‌లో అదే అసోసియేషన్‌కు అధ్యక్షుడిగా గెలిచాడు.

అజర్ చేశాడా, చేయలేదా? ఈ ఎపిసోడ్ అది తేల్చడానికి కాదు. ఆయన ఒప్పుకోలేదు, బోర్డు నమ్మలేదు, హైకోర్టు నిషేధం నిలవదంది. ఎవరి అభిప్రాయం వాళ్లది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆటగాడి కేసులో న్యాయం ఎంత ముఖ్యమో, అది ఎప్పుడొస్తుందన్నది కూడా అంతే ముఖ్యం. మామూలు మనిషికి భూమి కేసు పన్నెండేళ్లకు తేలినా భూమి అక్కడే ఉంటుంది. కొడుకైనా దున్నుకుంటాడు. ఆటగాడి కాలు, కన్ను, ఊపిరి పన్నెండేళ్లు ఆగవు. వారసత్వంగా ఇచ్చే ఆస్తి కాదు అది.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. అసలు కోర్టు లీగ్ లోపలి విషయాల్లో తల దూర్చగలదా? చాలామంది లీగ్ పెద్దలు, "మాది ప్రైవేటు సంస్థ, మా ఇష్టం" అంటుంటారు. అది సగమే నిజం. 2005లో జీ టెలిఫిల్మ్స్ కేసులో సుప్రీంకోర్టు, బీసీసీఐ రాజ్యాంగం 12వ అధికరణం కింద ప్రభుత్వం కాదంది. కానీ 226వ అధికరణం కింద హైకోర్టుకు పోయే దారి మూయలేదు. 2015 జనవరిలో బీహార్ క్రికెట్ అసోసియేషన్ కేసులో ఇంకా స్పష్టంగా చెప్పింది. దేశం పేరు మీద జట్టును ఎంపిక చేసేది, ఆటను నడిపించేది ప్రజలకు సంబంధించిన పని, కాబట్టి జవాబు చెప్పాల్సిందే అని. అయితే ఊళ్లో నాలుగు టీములు కలిసి పెట్టుకున్న టోర్నమెంటుకు ఇది ఆటోమేటిక్‌గా వర్తించదు. అక్కడ సివిల్ కోర్టు దారి ఉంటుంది. ఏది సరైన గడపో ముందు తెలుసుకోవాలి.

కోర్టు ఏం చూస్తుంది? మీరు తోశారా, కొట్టారా అని మళ్లీ మ్యాచ్ ఆడించి చూడదు. రిఫరీ ఇచ్చిన రెడ్ కార్డు తప్పా ఒప్పా అని మామూలుగా చూడదు. చూసేవి వేరే ఉన్నాయి. నోటీసు ఇచ్చారా? ఆరోపణ ఏంటో చెప్పారా? నీ మాట విన్నారా? ఫిర్యాదు చేసినవాడే జడ్జిగా కూర్చున్నాడా? కారణాలు రాశారా? తప్పుకు, శిక్షకు పొంతన ఉందా? వీటినే మేం సహజ న్యాయ సూత్రాలు అంటాం. పేరు పెద్దదే గానీ మన ఊరి పంచాయితీలో ముసలోళ్లు చెప్పేది కూడా అదే. "ఇద్దరి మాట ఇనుండ్రి, తర్వాత తీర్పు చెప్పుండ్రి."

శిక్షకు పొంతన అన్నాను కదా, దానికి శ్రీశాంత్ కేసు చూడండి. కేరళ ఫాస్ట్ బౌలర్. 2013 మేలో ఐపీఎల్ స్పాట్ ఫిక్సింగ్ కేసులో అరెస్టు, సెప్టెంబర్‌లో జీవితకాల నిషేధం. 2015లో ఢిల్లీ క్రిమినల్ కోర్టు ఆయన్ని కేసు నుంచి విడుదల చేసింది. అయినా బోర్డు నిషేధం ఎత్తలేదు. 2017 ఆగస్టులో కేరళ హైకోర్టు సింగిల్ జడ్జి ఎత్తేశారు. అక్టోబర్‌లో అదే హైకోర్టు డివిజన్ బెంచి మళ్లీ పెట్టింది. 2019 మార్చి 15న సుప్రీంకోర్టు ఏం చెప్పింది? బోర్డు చర్య తీసుకోవచ్చు, కానీ జీవితకాలం అనే ఆ శిక్ష మీద మళ్లీ ఆలోచించమంది. ఆ ఆగస్టులో బోర్డు అంబుడ్స్‌మన్ జస్టిస్ డి.కె. జైన్ దాన్ని ఏడేళ్లకు తగ్గించారు. 2020 సెప్టెంబర్‌తో అయిపోయింది.

ఇందులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, క్రిమినల్ కోర్టులో బయటపడితే లీగ్ కేసులో కూడా బయటపడ్డట్టు కాదు. రెండు, "నేనేం చేయలేదు" అని మాత్రమే వాదిస్తే సరిపోదు. "చేశాననే అనుకున్నా, ఇంత శిక్ష ఎక్కువ" అని కూడా పక్కన పెట్టుకోవాలి. చాలాసార్లు నిలబడేది ఆ రెండో వాదనే.

ఇప్పుడు ఫుట్‌బాల్‌కు వద్దాం. పెరూ దేశం కెప్టెన్ పాలో గెరేరో. 2017 అక్టోబర్‌లో అర్జెంటీనాతో మ్యాచ్ తర్వాత చేసిన డోప్ పరీక్షలో కొకెయిన్‌కు సంబంధించిన పదార్థం దొరికింది. కోకా ఆకు కలిసిన టీ వల్ల వచ్చిందని ఆయన వాదన. ఫిఫా ఏడాది నిషేధం వేసింది. ఫిఫాలోనే అప్పీలు చేస్తే ఆరు నెలలకు తగ్గింది. అక్కడితో ఊరుకోలేదు. స్విట్జర్లాండ్‌లో క్రీడా మధ్యవర్తిత్వ కోర్టు ఉంటుంది, కాస్ అంటారు. ఆయన అక్కడికి పోయాడు, శిక్ష తక్కువైందని డోపింగ్ నిరోధక సంస్థ వాడా కూడా పోయింది. 2018 మే 14న కాస్ శిక్షను పద్నాలుగు నెలలకు పెంచింది. తగ్గించుకోడానికి పోతే పెరిగింది! అప్పీలు అంటే రెండు వైపులా పదునున్న కత్తి. ఎదుటివాళ్లు కూడా వేయొచ్చని గుర్తుపెట్టుకోండి.

పెరూ 36 ఏళ్ల తర్వాత వరల్డ్ కప్‌కు వచ్చింది. కెప్టెన్‌కు 34 ఏళ్లు. ఇంకో వరల్డ్ కప్ వస్తుందన్న నమ్మకం ఏముంటుంది? అప్పుడు అదే గ్రూపులో పెరూతో ఆడబోయే ఫ్రాన్స్, డెన్మార్క్, ఆస్ట్రేలియా కెప్టెన్లు ముగ్గురూ కలిసి ఆయన్ని ఆడనివ్వమని ఫిఫాకు ఉత్తరం రాశారు. ప్రత్యర్థులు! మే 31న స్విట్జర్లాండ్ ఫెడరల్ కోర్టు శిక్షను తాత్కాలికంగా ఆపింది. ఆయన రష్యా వెళ్లాడు, ఆడాడు, ఆస్ట్రేలియా మీద గోల్ కొట్టాడు. ఆ తర్వాత ఆగస్టులో స్టే పోయింది. మిగిలిన శిక్ష 2019 ఏప్రిల్ దాకా అనుభవించాడు.

ఆయన కేసు గెలిచాడా? లేదు. కానీ వరల్డ్ కప్ ఆడాడు. అజర్ కేసు గెలిచాడు. కానీ వందో టెస్టు ఆడలేదు. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. స్టే అనే చిన్న మాటకు ఆటగాడి జీవితంలో ఎంత బరువుందో అర్థమవుతుంది. తుది తీర్పు వచ్చేలోపు నన్ను ఆడనివ్వండి అని అడగడం. ఇస్తారని గ్యారంటీ లేదు. కానీ అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

అమెరికాలో ఇంకో రకం ఫుట్‌బాల్ ఉంది, చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. అక్కడ టామ్ బ్రేడీ అని పెద్ద ఆటగాడు. 2015 జనవరి మ్యాచ్‌లో బంతుల్లో గాలి తగ్గించారన్న వ్యవహారంలో నాలుగు మ్యాచ్‌ల సస్పెన్షన్ వేశారు. అప్పీలు విన్నది ఎవరంటే లీగ్ కమిషనర్ రోజర్ గుడెల్ గారే. శిక్ష ఆయన లీగ్‌దే, అప్పీలు కూడా ఆయన దగ్గరే. అన్యాయం కదా అనిపిస్తుంది. 2015 సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లో జడ్జి రిచర్డ్ బెర్మన్ ఆ శిక్ష కొట్టేశారు, బ్రేడీ ఆ సీజన్ ఆడాడు. కానీ 2016 ఏప్రిల్‌లో పై కోర్టు రెండు ఒకటి తేడాతో శిక్షను మళ్లీ నిలబెట్టింది. ఎందుకు? ఆటగాళ్ల యూనియన్ సంతకం పెట్టిన ఒప్పందంలోనే కమిషనర్‌కు ఆ అధికారం ఉంది కాబట్టి. బ్రేడీ ఆ జులైలో పోరాటం ఆపేసి నాలుగు మ్యాచ్‌లు కూర్చున్నాడు. ఆ సీజన్ చివర్లో సూపర్ బౌల్ గెలిచాడు.

అంటే ఏంటి? మీరు సంతకం పెట్టే కాగితం చదవాలి. మన పిల్లలు రిజిస్ట్రేషన్ ఫారం మీద ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెడతారు. "మీ నియమావళికి కట్టుబడి ఉంటాను" అని దాంట్లో ఒక లైను ఉంటుంది. ఆ నియమావళిని ఎప్పుడైనా చూశారా? నేనూ ఆడే రోజుల్లో చూడలేదు.

సరే, ఆ శనివారం సాయంత్రానికి మళ్లీ వద్దాం. నేను ఆ తండ్రితో మొదట ఏమన్నానో తెలుసా? "సోమవారం రాండ్రి, చూద్దాం" అన్నా. ఆయన సరేనని లేచాడు. పిల్లగాడు మాత్రం లేవలేదు. "సార్, రూల్ బుక్ పీడీఎఫ్ ఉన్నది నా దగ్గర" అన్నాడు. ఫోన్‌లో తెరిచాం. అప్పీలు నిర్ణయం తెలిసిన పది రోజుల్లోపు వేయాలి. మెసేజ్ వచ్చి ఆ రోజుకు తొమ్మిదో రోజు.

నేను ఆ పిల్లగాడి ముందు సిగ్గుపడ్డా, నిజంగా. ముప్ఫై ఏళ్ల కింద నా నోటీసు నేనే చించుకున్నా. ఇప్పుడు వాడి అప్పీలు నా బద్ధకంతో పోయేది.

అప్పుడే మళ్లీ ఆఫీసు లైట్లు వేసి కూర్చున్నాం. రెండు పేజీల అప్పీలు రాశాం. మొదటి పేరాలోనే "లైన్స్‌మన్‌ను తోసిన మాట నిజం, అది తప్పు, క్షమాపణ చెప్తున్నాను" అని రాయించా. తండ్రి భయపడ్డాడు. "ఒప్పుకుంటే ఇంక ఏముంటది సార్?" అన్నాడు. నేను చెప్పా, "మ్యాచ్ అంతా వంద మంది చూసిండ్రు. అబద్ధం రాస్తే మిగతా నిజం కూడా నమ్మరు." తర్వాత అసలు పాయింట్లు రాశాం. నోటీసు లేదు. విచారణ లేదు. రూల్ పేరు లేదు. వాళ్ల నియమావళి ప్రకారమే ఇటువంటి తప్పుకు మొదటిసారి ఉండే శిక్ష ఇంతకంటే చాలా తక్కువ. ఇంకోటి, కమిటీలో కూర్చున్న ముగ్గురిలో ఒకరు ఆ రోజు మ్యాచ్ ఆడిన ఎదుటి టీమ్ కార్యదర్శి. చివర్లో, అప్పీలు తేలేదాకా ఆడనివ్వమని అడిగాం. రాత్రికే ఈమెయిల్ పెట్టాం. ఆదివారం పొద్దున చేతికిచ్చి రసీదు మీద సంతకం తీసుకున్నాం.

ఐదు వారాలకు విచారణ పెట్టారు. మధ్యలో ఆడనివ్వలేదు, ఆ అభ్యర్థన పట్టించుకోలేదు. ఆ ఐదు వారాల్లోనే సెలక్షన్లు అయిపోయాయి. విచారణలో పిల్లగాడు నిలబడి, "నూకిన సార్, తప్పే. లైన్స్‌మన్ సార్‌కు ఇంటికి పోయి సారీ చెప్పిన" అన్నాడు. ఇది నాకూ తెలియదు, వాడే పోయాడట. రెండేళ్ల శిక్షను ఆరు నెలలు చేశారు, మొదటి తేదీ నుంచే లెక్క.

గెలిచామా? తండ్రి గెలిచామన్నాడు. పిల్లగాడు ఏం మాట్లాడలేదు. సెలక్షన్లు పోయినయి కదా. పోయిన సెలక్షన్లను ఏ తీర్పూ తిరిగి తేదు. కానీ రెండేళ్లు అంటే వాడికి ఇరవై ఒకటి దాటేది. రైల్వే స్పోర్ట్స్ కోటాలో ఇరవై ఐదు దాటితే తలుపు మూసుకుంటుంది, అది కూడా ఈ మధ్య ఆడిన సర్టిఫికెట్లు ఉంటేనే. ఏడాదిన్నర మిగిలింది వాడికి. పంతొమ్మిదేళ్లప్పుడు ఏడాదిన్నర చిన్నది కాదు.

ఇప్పుడు మీరు రాసుకోవాల్సినవి చెప్తా. నాలుగే.

మొదటిది, తేదీ. సస్పెన్షన్ మెసేజ్ వచ్చిన రోజు, గంట, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అప్పీలు గడువు అక్కడి నుంచే మొదలు. లీగ్‌లో ఏడు రోజులు ఉండొచ్చు, పది ఉండొచ్చు. కాస్ దాకా పోయే పెద్ద కేసుల్లో మామూలుగా 21 రోజులు. గడువు పోయాక ఎంత మంచి కేసైనా బలహీనమే.

రెండోది, కాగితం. నిర్ణయం కాపీ, రిఫరీ రిపోర్టు కాపీ, ఏ రూల్ కింద అన్నది రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో బతిమాలొద్దు. "అన్నా, జర చూడన్నా" అంటే, "చూద్దాం తమ్మీ" అంటారు. ఆ చూద్దాంలోనే గడువు పోతుంది.

మూడోది, గడప. ముందు లీగ్ లోపలి అప్పీలు. అది దాటకుండా సూటిగా కోర్టుకు పోతే, ముందు అక్కడికి పోయి రమ్మంటారు. ఫుట్‌బాల్‌లో అయితే మామూలు కోర్టులకు పోవడం మీద ఫిఫా నియమాల్లోనే ఆంక్షలున్నాయి, జాగ్రత్త. లోపల వినకపోతే, వినే పద్ధతి అన్యాయంగా ఉంటే, అప్పుడు బయట. 2025లో పార్లమెంటు జాతీయ క్రీడా పాలన చట్టం చేసింది, దాంట్లో జాతీయ క్రీడా ట్రిబ్యునల్ ఏర్పాటు ఉంది. ఆట గొడవలు సివిల్ కోర్టుల్లో ఏళ్లకేళ్లు నానకుండా ఉండాలన్నదే దాని ఉద్దేశం. అది అజర్ కాలంలో ఉంటే ఎట్లుండేదో అనిపిస్తుంది. మీ కేసు ఏ గడపకు చెందుతుందో మీ దగ్గర్లోని వకీలును అడగండి. నేను ఇక్కడ చెప్పేది దారి మాత్రమే, మీ కాగితాలు చూసి చెప్పే సలహా కాదు.

నాలుగోది, స్టే. తుది నిర్ణయం దాకా ఆడనివ్వమని మొదటి కాగితంలోనే అడగండి. సెలక్షన్ తేదీ, టోర్నమెంట్ తేదీ, మీ వయసు అందులో రాయండి. ఆలస్యమైతే ఏం పోతుందో వినేవాళ్లకు కనపడాలి.

లీగులు నడిపే పెద్దలకు కూడా ఒక మాట. మీ మీద కోపంతో కాదు. మీరు జేబులోంచి డబ్బులు పెట్టి, గ్రౌండ్‌లో సున్నం గీతలు గీయించి, ఆటను బతికిస్తున్నారు, నాకు తెలుసు. రిఫరీ మీద చేయి వేస్తే శిక్ష ఉండాల్సిందే, లేకపోతే రేపు విజిల్ పట్టేవాడు దొరకడు. కానీ ఒక నోటీసు, ఒక గంట విచారణ, ఒక పేజీ కారణాలు. ఇంతే కదా. ఇవి ఉంటే మీ శిక్ష ఏ కోర్టులోనైనా నిలబడుతుంది. ఇవి లేకపోతే నిజంగా తప్పు చేసినవాడు కూడా బయటపడతాడు, చేయనివాడు ఇంట్లో కూర్చుంటాడు.

ఆ పిల్లగాడి శిక్ష వచ్చే నెల పదో తారీఖుతో అయిపోతుంది. పదకొండున కాజీపేటలో మ్యాచ్ ఉందట. "సార్, రాండ్రి" అని పిలిచాడు. పోతా. లైన్స్‌మన్ ఎవరో అడిగా. ఆ రోజు వాడు నూకిన ఆయనేనట.

మీకు గానీ, మీ ఇంట్లో పిల్లలకు గానీ ఇట్లాంటిది జరిగితే, లీగ్ పేర్లు, మనుషుల పేర్లు లేకుండా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కొన్నిటికి జవాబు చెప్తా. అంతదాకా సెలవు, నమస్తే.